కాలవ గట్టు మీద, వెనక సీట్లో

అమెరికాకి ఒక్కొక్కరూ ఒక్కో అర్హత మీద వచ్చారు. నేను మాత్రం మా ఆవిడ మీద వచ్చాను. నర్సు ఉద్యోగానికి ఆవిడకి వీసా ఇచ్చినవాళ్ళు, వెంట తెచ్చుకునే సామానులో నన్నూ ఒకటిగా లెక్కేసి పంపించారు. ఎనిమిదో తరగతి దగ్గరే చదువు నాకు సెలవిచ్చేసింది. దానికి తోడు, మంచినీళ్ళ సీసా కొనాలన్నా హైవే ఎక్కాల్సిన ఈ ఇర్వింగ్‌లో ఇన్నేళ్ళుండీ నాకు డ్రైవింగ్ లైసెన్సు లేదంటే, మనవాళ్ళు నన్ను బొగ్గుల ఇస్త్రీపెట్టెని చూసినట్టు చూస్తారు. పనికొచ్చే వస్తువేనా, ఊరికే అలంకారానికి పెట్టారా అని వాళ్ళ అనుమానం.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పార్కింగ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు, కొత్తగా పెళ్ళయినవాడు, కారు వెనక తగిలించిన సైకిలు చూపించి, "అంకుల్, సమ్మర్‌లో ఫ్రాన్స్ వెళ్తున్నాం. గ్రావెల్ రోడ్స్ మీద సైక్లింగ్. రోజంతా తొక్కినా ఒక్క కార్ కూడా రాదంట, నమ్ముతారా?" అంటూ ఫోను నా ముక్కు కింద పెట్టాడు. రెండు వరసల చెట్లు, మధ్యన తెల్లటి సన్నకంకర బాట, పక్కన కదలకుండా పడుకున్న కాలవ. నమ్ముతాను బాబూ అని మాత్రం అన్నాను. ఆ కంకర టైర్ల కింద ఎలా నలుగుతుందో, ఆ కాలవ పక్కన గుండె ఎలా కొట్టుకుంటుందో వాడికి చెబితే రుచించదు. మన వయసు వాళ్ళకయితే చెప్పుకోవచ్చు.

నేను పుట్టింది గోదావరి కాలవల మధ్య. కాళ్ళు అందని వయసులో బార్ కింద నుంచి కాలు దూర్చి, నడుం వంకర పెట్టి సైకిలు నేర్చుకున్న తరం మనది. బడి మానేశాక ఒక బేకరీలో కుదిరి, బన్నులూ రొట్టెలూ వెనక రేకుపెట్టెలో సర్దుకుని, కాలవ గట్టు వెంబడి ఊరూరికీ వేసేవాణ్ణి. గట్టు మీద కంకరే తప్ప తారు లేదు, ఎదురొస్తే ఒక గేదె, లేకపోతే ఒక గడ్డిమోపు. లాకుల దగ్గర పడవలు నీళ్ళు ఎక్కేదాకా, దిగేదాకా ఆగి ఉంటే, పడవవాళ్ళకి నాలుగు బన్నులు అమ్మేసి పరాచికాలాడి బయల్దేరేవాణ్ణి. ఆ దారిలోనే మిషను ఆస్పత్రి ఉండేది, అందులో నర్సు ట్రైనింగులో ఉన్న ఒక అమ్మాయి లేడీస్ సైకిలు మీద గట్టంట వెళ్తూ నన్ను దాటేసి పోయేది. ఒక్కరోజయినా ఆవిణ్ణి దాటాలని తొక్కీ తొక్కీ, చివరికి దాటలేక పెళ్ళి చేసుకున్నాను.

ఇక్కడికొచ్చాక కూడా ముందు ఆవిడే, వెనక నేనే. డ్రైవింగు టెస్టు పెట్టిన తెల్లావిడ ఒకామె, నేను కారు ఆపగానే దిగి, నేల గట్టిగానే ఉందా అన్నట్టు కాలితో తట్టి చూసుకుని, వెనక్కి తిరగకుండా వెళ్ళిపోయింది. ఆ మాట ఇంట్లో చెబితే మా ఆవిడ పగలబడి నవ్వి, ఇక చాలండీ, ఈ టెక్సస్ జనాన్ని బతకనిద్దాం, మిమ్మల్ని నేను తిప్పుతాను అంది. అన్నమాట ప్రకారం డ్యూటీ దిగి వచ్చి, నేను పనిచేసే మిఠాయికొట్టు వంటింటి దాకా దింపడం, మళ్ళీ ఎక్కించుకోవడం, చర్చికి, షాపుకి, పిల్ల బడికి, అన్నీ ఆవిడే. పక్కసీట్లో కూర్చుని అదిగో లారీ, ఇదిగో సిగ్నలు అని నేను చెప్పడం, నోరు మూసుకోండి అని ఆవిడ కసరడం, మా కాపురమంతా ఆ అద్దాల మధ్యే జరిగిందంటే అబద్ధం కాదు.

నీటికాసులు అనే కంటిజబ్బు సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, అది మా ఆవిడకి వచ్చింది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, పక్కలు మాత్రం నెమ్మదిగా మూసుకుపోతాయి. గ్యారేజీ తలుపుకి కారు రాసుకున్నప్పుడు నేను హాస్యమాడాను. ఇండియన్ గ్రోసరీ ముందు ఒక పసివాడు బండి తోసుకుంటూ పక్కనుంచి వస్తే ఆవిడ చూడనే లేదు, బ్రేకు వెయ్యమని నేను అరిస్తే తప్ప ఆగలేదు. ఆ రోజు మాత్రం హాస్యం రాలేదు. డాక్టరు ఇక కారు నడపొద్దన్నాడు. ఆవిడ తాళాలు తీసుకెళ్ళి మా అమ్మాయి చేతిలో పెట్టేసింది. తర్వాత కొన్నాళ్ళు మేం క్యాబ్ పిలిచినప్పుడల్లా, అలవాటు కొద్దీ డ్రైవరు వైపు తలుపు దగ్గరికి నడిచి, చెయ్యి వేసి, ఆగిపోయేది. అప్పుడు నేనేదో కోతి వేషం వేస్తే నవ్వేది కాదు, కసిరేది కూడా కాదు. కసరని మా ఆవిడ ఇంట్లో తిరుగుతుంటే, ఎవరో చుట్టాలావిడ వచ్చి ఉన్నట్టుండేది.

ఆ సైకిలు కుర్రాడి కంటే చాలా ముందే, అప్పట్లోనే ఫ్రాన్సు ఆలోచన చేసింది మా అమ్మాయి. "నాన్నా, అక్కడ కార్స్ ఉండవు. ఓల్డ్ కెనాల్ పక్కన గ్రావెల్ పాత్. టూ సీట్స్ సైకిల్ రెంట్ చేస్తా. నువ్వు ఫ్రంట్, అమ్మ బ్యాక్. సింపుల్," అని తేల్చేసింది. సైకిళ్ళు అద్దెకిచ్చే పెద్దమనిషి నా పొట్టనీ, మా ఆవిడనీ మార్చి మార్చి చూసి, మారుమాట లేకుండా నన్ను ముందు సీటు వైపు చూపించాడు. మా అమ్మాయి బ్యాగులు కార్లో వేసుకుని మాకంటే ముందే బసకి వెళ్ళిపోయింది.

గట్టెక్కి నాలుగు తొక్కుళ్ళు తొక్కానో లేదో, మా గోదావరి గట్టు ఎదురొచ్చింది. అవే లాకులు, లాకుల పక్కన అదే చిన్న కాపలా ఇల్లు, అవే బద్ధకపు పడవలు, గాలం వేసుకుని కూర్చున్న ముసలాళ్ళు. గేదెలే లేవు. కారు హారన్ వినపడదు, కంకర మీద టైర్ల కరకర తప్ప ఇంకే చప్పుడూ లేదు. మన గట్టే, కాకపోతే ఎవరో స్నానం చేయించి పౌడరు రాశారు, అని వెనక్కి కేకేశాను.

మధ్యాహ్నం ఒక లాకు దగ్గర ఆగి, ఆ దేశపు పొడుగు రొట్టె చీల్చి అందులో మేం తీసుకెళ్ళిన గోంగూర పచ్చడి పూసుకుని తిన్నాం. బేకరీలో పెరిగినవాణ్ణి, ఆ రొట్టెకి దండం పెట్టాను. చేతులు దులుపుకుంటూ మా ఆవిడ, "ఏవండీ, ఇక నేను ముందు కూర్చుంటాను," అంది.

"పక్కన కాలవుంది," అన్నాను.

"నాకు కనిపించదుగా."

"అదేనే నా భయం."

"కాలవని మీరు చూసుకోండి. దారి నాకు కనిపిస్తూనే ఉంది, నేను చూసుకుంటాను."

పడితే ఫ్రెంచి చేపలకి మన గోంగూర రుచి తెలుస్తుందని ఏదో పేలాను. ఆవిడ నవ్వలేదు. నా వైపు తిరిగి, నన్ను పూర్తిగా చూడ్డానికి తల కొంచెం కదిపి, "మళ్ళీ ఎప్పుడు నడుపుతానండీ నేను? కార్లు లేని రోడ్డు నాకు ఇంకెక్కడ దొరుకుతుంది? వచ్చే ఏటికి ఈ దారయినా కనిపిస్తుందో లేదో," అంది. ఆవిడ గొంతులో ఏడుపు లేదు, వార్డులో రోగికి ఉన్నదున్నట్టు చెప్పే గొంతు అది. లేచి వెళ్ళి వెనక సీటెక్కాను.

ఆ వెనక సీటు ఎంత అన్యాయమైనదో ఎక్కితే గానీ తెలియదు. పట్టుకోడానికి హ్యాండిలు ఉంటుంది, తిప్పితే తిరగదు. బ్రేకు లేదు. ఎదురుగా పెళ్ళాం వీపు తప్ప దారి కనిపించదు. మొదట సైకిలు ఇటూ అటూ తూలింది, నేను ఒక కాలు నేలకి ఆనించబోయాను. తర్వాత, పాత లేడీస్ సైకిలు ఆవిడ మోకాళ్ళకి గుర్తొచ్చిందో ఏమో, దారం పట్టినట్టు నిటారుగా సాగింది. ఆవిడకి కాలవ కనిపించడం లేదు కాబట్టి భయం లేదు. నాకు కాలవ తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. మా ఇద్దరి భయమూ నేనొక్కణ్ణే పడ్డాను.

ఊరి రోడ్డు గట్టుని కోసుకుంటూ పోయేచోట, కార్లు ఎక్కకుండా గుంజలు పాతి ఉన్నాయి. అక్కడ ఆవిడ నెమ్మదిగా ఆపి, కాలు కింద పెట్టి, "గుంజలు ఎటున్నాయి, చెప్పండి," అంది. ఇన్నేళ్ళ కాపురంలో నన్ను దారి అడగడం అదే మొదలు. కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి, మధ్యలోంచి మనం పట్టేస్తాం అన్నాను, నా గొంతు నాకే పెద్దమనిషి గొంతులా వినిపించింది. దాటాక గట్టు బాగా సన్నబడింది, ఆవిడ వేగం పెంచింది. ఆ ముక్క దారి నేను ప్రార్థనలో గడిపాను.

"తొక్కుతున్నారా, ఊరికే కూర్చున్నారా?" అని ముందు నుంచి కసురు వినపడింది. ఎన్ని నెలలకి విన్నానో! చుట్టాలావిడ వెళ్ళిపోయింది, మా ఆవిడ వచ్చేసింది.

బస ముందు నిలబడ్డ మా అమ్మాయి ముందు సీట్లో వాళ్ళమ్మని చూసి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, "అమ్మా! ఏం చేస్తున్నావ్ నువ్వు?" అని అరిచింది. ఆవిడ తాపీగా సైకిలు గోడవారన ఆపి, "కనిపించట్లా? నాన్నగారిని డ్రాప్ చేస్తున్నా," అంది.

ఆ తర్వాత ఆవిడ మళ్ళీ ఏదీ నడపలేదు. పక్కలు ఇంకా మూసుకుపోయాయి. మొన్న ఆ కుర్రాడి ఫోను కూడా కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ముక్కలు ముక్కలుగా చూసింది. మన గట్టుకి ఇప్పుడు తారు వేశారనీ, ఇసుక లారీలు తిరుగుతున్నాయనీ, సైకిలు మీద ఆడపిల్ల ఎవరూ ఆ దారిన పోవడం లేదనీ ఊరి నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. ఇక్కడ మా ఇంటి ముందు హైవే ఎన్ని వరసలో చూడ్డానికి గర్వంగానే ఉంటుంది, కానీ చూపు తగ్గిన మనిషి తన ఇష్టానికి ఒక మైలు పోవడానికి అందులో ఒక్క వరసా లేదు. ఒకప్పుడు ఏ ఖర్చూ లేకుండా మన గుమ్మం ముందున్న కంకర, ఇప్పుడు విమానం ఎక్కి వెతుక్కునే వస్తువయింది. తప్పెవరిదో నాకు తెలియదు. నేనూ ఆ వరసల్లో పక్కసీట్లో కూర్చుని హాయిగా తిరిగినవాణ్ణే.

ఆ ప్రయాణం నుంచి తిరిగొచ్చిన ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమన్నారు. మైకు దొరికితే వదిలే రకం కాదు కదా నేను. చూపులేని భార్య నడుపుతుంటే, కాలవ అంచున, వెనక సీట్లో కూర్చున్న ఈ దీనుణ్ణి దేవుడే కాపాడాడని చెప్పి, అందరినీ నవ్వించి, చప్పట్లు కొట్టించుకుని దిగబోయాను. ఆడవాళ్ళ వైపు నుంచి మా ఆవిడ లేచి నిలబడింది.

"దేవుడు కాపాడింది నిజమే పాస్టరు గారూ. కానీ గట్టు సన్నబడ్డ చోట, పడవలో వాళ్ళెవరో పిలుస్తున్నారు, చెయ్యి ఊపండీ అని నేనంటే, 'ఏ పడవ?' అన్నారు ఈయన. అంత పడవా పక్కనే పోతోంది. ఆ సైకిలు మీద కళ్ళు తెరుచుకుని ఉన్న మనిషిని నేనొక్కదాన్నే."