ఏడు ఆల్బంలలో మూసిన కళ్లు

కళ్లద్దాల దుకాణంలో వెనకగది ఆయనది. ముందు గదిలో యజమాని మాటలు చెప్పి ఫ్రేములు అంటగడుతుంటే, ఈయన లోపల దీపం కింద కూర్చుని అద్దాలను ఫ్రేముకు సరిపడా అరగదీసి బిగిస్తుంటాడు. ముప్పయ్యేళ్లుగా అదే పని. వీధిలో అందరికీ ఆయన అద్దాలాయనే. వెంట్రుకవాసి తేడా వచ్చినా వేలితో తడిమి పట్టేస్తాడు. అలాంటి మనిషి, ఇరవయ్యారేళ్లుగా భార్యకు ఫొటోలు తీస్తూ, ఒక్కసారి కూడా ఆవిడ కళ్లు తెరిచి ఉండగా తీయలేకపోయాడంటే ఎవరైనా నమ్ముతారా? ఇంట్లో ఏడు ఆల్బంలున్నాయి. నమ్మక చస్తారా!

సముద్రపు ఒడ్డున కళ్లు మూసుకుని. కొత్త ఫ్రిజ్ పక్కన కళ్లు మూసుకుని. జలపాతం ముందు, గొడుగు పట్టుకుని, కళ్లు మూసుకుని.

"మా అక్క ఎన్ని ఊళ్లు తిరిగిందో! పాపం, ఒక్కటీ చూడలేదు," అంటాడు బావమరిది, ఆల్బం తిరగేసినప్పుడల్లా. "ఊరందరికీ చూపు తెప్పిస్తావు గదా బావా, మా అక్క కళ్లు తెరిపించలేవేం?"

"నాది కాదురా తప్పు, కెమెరాది. షట్టరు నిదానం."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట."

ఇలాంటివి ఆయన దులిపేసుకునేవాడే. కానీ ఈమధ్య, భార్య పనిచేసే లైబ్రరీలో ఆవిడను పెద్ద లైబ్రేరియన్ను చేశారు. గుమ్మం పక్కన బోర్డు మీద ఆవిడ ఫొటో పెడతారట, సోమవారంలోగా ఇమ్మన్నారు.

"పోనీ, స్టూడియోలో తీయించుకోనా అండీ?" అని అడిగింది, మెల్లగా.

ఆ మెల్లగా అడగడమే ఆయనకు గుచ్చుకుంది. ఏడు ఆల్బంల మొనగాడి పెళ్లాం స్టూడియో మెట్లెక్కడమా! "ఆదివారం నేనే తీస్తాను. ఈసారి సరంజామా మారుస్తున్నా," అన్నాడు.

మందు కొనేముందు జబ్బేమిటో తేలాలి గదా. దుకాణంలో వాడే భూతద్దం ఇంటికి తెచ్చి ఆల్బంలన్నీ ముందేసుకున్నాడు. ఎండలో తీసినవి చూశాడు, నీడలో తీసినవి చూశాడు, ఫ్లాష్ వేసినవీ వేయనివీ విడదీసి చూశాడు. అన్నిట్లోనూ కళ్లు మూసే ఉన్నాయి. భూతద్దంలో ఇంకో వింత బయటపడింది. ఆవిడ పెదవులు గట్టిగా బిగించి, బుగ్గలు కాస్త ఉబ్బి ఉన్నాయి, నోటినిండా నీళ్లు పట్టినట్టు. పంటినొప్పా? ఇరవయ్యారేళ్లా? ఛ!

చివరకు బావమరిది తీసిన మూడు ఫొటోలు దొరికాయి. వాటిలో కళ్లు చక్కగా, చారడేసి ఉన్నాయి. "దేంతో తీశావురా ఇవి?" అని ఫోన్ చేశాడు.

"ఫోన్‌తోనే బావా. అదీ తెర పగిలిన ఫోను."

దీన్నిబట్టి అద్దాలాయన తేల్చుకున్నదేమిటంటే, తనకు ఖరీదైన లెన్సు కావాలని.

శనివారం కెమెరా దుకాణానికి వెళ్లాడు. యజమానురాలు దాదాపు తన ఈడుదే. అలవాటు కొద్దీ ముందు ఆవిడ కళ్లద్దాలే కనిపించాయి. "ఏమీ అనుకోకండమ్మా, మీ ఫ్రేము ఎడంపక్క కిందికి జారింది," అని తీయించి, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి ఇచ్చాడు. తర్వాత అసలు సంగతికొచ్చాడు. "రెప్ప పడేలోపు కొట్టేసే కెమెరా కావాలి."

"ఇదిగోండి. రెప్పపాటులో పది తీస్తుంది."

"పదింట్లోనూ కళ్లు మూసుకుంటుంది మా ఆవిడ."

"అంతుంటుందా! నన్ను తీయండి, చూద్దాం."

కెమెరా కంటికి ఆనించి నొక్కాడు. తెర మీద చూస్తే యజమానురాలి కళ్లు మూసి ఉన్నాయి. పెదవులు బిగించి, బుగ్గలు ఉబ్బి.

"అరె, మీకూ ఉందా ఇది!" అన్నాడు నిర్ఘాంతపోయి.

ఆవిడ అటు తిరిగి రెండుసార్లు దగ్గింది. "ఇందాక మీరు ఉన్నమాట చెప్పారు కాబట్టి నేనూ చెప్తా సార్. ఆ నిలువుటద్దంలో మిమ్మల్ని మీరే ఒకటి తీసుకోండి."

తీసుకుని చూశాడు. ఒక కన్ను నొక్కేసినట్టు ముడుచుకుపోయింది. మూతి చెవిదాకా సాగింది. ఆ మూలనుంచి నాలుక కొస బయటికొచ్చి ఉంది, పాలు తాగిన పిల్లి లోపల పెట్టుకోవడం మరిచిపోయినట్టు. కళ్లద్దాల దుకాణం యజమాని తనను ముప్పయ్యేళ్లుగా వెనకగదిలోనే ఎందుకు కూర్చోబెట్టాడో కూడా ఆ క్షణానే అర్థమైంది.

"పెద్ద లెన్సు వద్దు సార్. మీ పాత కెమెరాకే ఒక స్టాండు, ఒక రిమోటు తీసుకెళ్లండి," అంది ఆవిడ, బేరం పోతున్నా సరే.

ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండానే అడిగాడు. "నాలుక సంగతి నీకు తెలుసా?"

భార్య చేతిలో గిన్నె కింద పెట్టేసి కుర్చీలో కూలబడింది. "ఎవరు చెప్పారు మీకు?"

"ఇరవయ్యారేళ్లే! ఒక్కసారన్నా చెప్పొద్దూ?"

"మొదటిసారే చెబుదామనుకున్నా. చూస్తే నవ్వొస్తుంది, నవ్వితే మీరు చిన్నబుచ్చుకుంటారు. అందుకని కళ్లు మూసుకున్నా. ఆ తర్వాత... చెబితే మీరు నాలుక లోపల పెట్టేసుకుంటారు కదండీ."

"పెట్టుకుంటే ఏం పోయె?"

"ఫొటోకి నిలబడ్డంలో నాకింకేం మిగుల్తుంది?"

ఆదివారం పొద్దున స్టాండు మీద కెమెరా ఎక్కించి, రిమోటు పట్టుకుని, నోరు గట్టిగా మూసుకుని పక్కన నిలబడ్డాడు. టక్. ఆవిడ కళ్లు రెండూ తెరిచే ఉన్నాయి. బావమరిది చూసి, "బ్రహ్మాండం బావా! ఈ చూపు చూస్తే పుస్తకం తీసుకోకముందే తిరిగిచ్చేస్తారు," అన్నాడు. అదే బోర్డుకి ఖాయమైంది.

స్టాండు విప్పుతుంటే ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. "ఒకటి మామూలుగా తీయండి," అంది.

కెమెరా కంటికి ఆనించాడు. ఈసారి జాగ్రత్తగా, నాలుకను పళ్ల వెనక అదిమిపెట్టి, పెదవులు బిగించాడు. ఆవిడ కళ్లు పెద్దవి చేసి చూసింది.

"ఏంటండీ, ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉంది, కదలకు," అని ఆయన కాస్త ముందుకు వంగాడు, వెలుగు సరిచూసుకున్నాడు, పనిలో పడి మిగతాది మరిచిపోయాడు. మూతి మెల్లగా చెవివైపు ప్రయాణం కట్టింది.

ఎదురుగా రెండు కళ్లూ మూసుకున్నాయి. నొక్కాడు.