పొట్ట మీద స్టార్టరు

హాజరు వివరాలు ముందే రాసేస్తాను, తర్వాత ఎవరూ కాదనకూడదు. అనంతపురంలో ఒక మేడ మీద రేకుల షెడ్డు. పదకొండు చాపలు, చాపకొక మనిషి. రిటైరైన డ్రిల్లు టీచరు సుశీలమ్మ మేడం. ఒక గోడ గడియారం. ఫోన్లు వేయడానికి ఒక వెదురు బుట్ట, అందులో పది ఫోన్లు. పదకొండోది ఎక్కడుందో చెప్పడానికే ఈ ఘోరమంతా రాస్తున్నాను.

మొదటిసారి యోగాకు వెళ్ళేవాళ్ళు తెలుసుకోవలసినవి మేడం ముందురోజే చెప్పారు. నేను ఎలక్ట్రికల్ డిప్లొమావాణ్ణి కాబట్టి నంబర్లు వేసి రాసుకున్నాను. ఒకటి, ఖాళీ కడుపు. రెండు, వదులు బట్టలు. మూడు, పక్కవాళ్ళతో పోటీ పడరాదు. నాలుగు, ఫోను బుట్టలో. మొదటి మూడూ అక్షరం తప్పకుండా పాటించాను. నాలుగోదానికి నా దగ్గర సాంకేతిక కారణం ఉంది.

మా చేను బత్తలపల్లె దగ్గర. వేరుశనగ కాయ పట్టే సమయం, నెలగా చినుకు లేదు. రెండు రోజుల్లో తడి అందకపోతే కాయలో గింజ నిలవదు. మోటారు కరెంటేమో ఆ వారం ఏడున్నరకే పోతోంది. మా బోరు ఆయాసం మనిషిలాంటిది. నలభై నిమిషాలు నీళ్ళు పోస్తే పది నిమిషాలు ఊపిరి తీసుకోవాలి. నీళ్ళు ఆగిన ఆ పది నిమిషాల్లో నాయన స్ప్రింక్లరు పైపులు ఊడదీసి పక్క వరుసకు మార్చుకోవాలి. మోటారును ఫోన్లోంచే వేసి ఆపే స్టార్టరు బిగించింది నేనే. నాయన పాత మీటలు ముట్టుకోకుండా పెట్టెకు తాళం వేసిందీ నేనే. తాళంచెవి నా దగ్గరే ఉంది.

"ఫోన్ని నమ్మేదెట్లరా?" అన్నాడు నాయన.

"నన్ను నమ్ము నాయనా. నీళ్ళు నిల్చినప్పుడు పైపులు మార్చుకో, చాలు."

కాబట్టి ఫోను సైలెంటులో పెట్టి, స్క్రీను ఆరిపోకుండా సెట్టింగు మార్చి, బనీను లోపల పొట్టకు ఆనించి, పైజమా నాడా బిగించాను. స్క్రీను ఏ వైపు ఉండాలన్నది మాత్రం నా జాబితాలో లేదు.

ఆరుంబావుకు మోటారు వేసి సూర్యనమస్కారాల్లోకి దిగాను. ఆరూ యాభై అయిదుకు ఆపాలి. ఇక నిమిషం నిలకడ ఉంటే ఒట్టు! చేతులెత్తినా గడియారమే, వంగినా కాళ్ళ సందులోంచి గడియారమే.

"ఏమప్పా, ఆ గోడమీద ఏముండాది?" అన్నారు మేడం.

"టైము, మేడం."

"అది యాడికీ పోదులే. నువ్వు వంగు."

పక్క చాప మీది బట్టల కొట్టు రాజన్న, "బస్సుకు పోవల్లనా తమ్ముడూ?" అని గొణిగాడు.

వంగాను. బోర్లా పడుకున్నాను, పాములా తలెత్తాను, దించాను, మళ్ళీ ఎత్తాను. మధ్యమధ్య పొట్ట దగ్గర గుయ్యిమని వణుకు. ఖాళీ కడుపు ప్రభావమని నిర్ధారించుకున్నాను. చదువుకున్నవాణ్ణి కదా!

ఆరూ యాభైకి శవాసనం. ఇంకా మూడు వందల సెకన్లు. కళ్ళు మూసుకుని లెక్కపెడుతున్నాను.

"ఇప్పుడు మీ ఒళ్ళు మీకేం చెప్తాందో వినండి," అన్నారు మేడం మెల్లగా.

నా ఒళ్ళు చెప్పింది. పొట్ట దగ్గర్నించి, అచ్చం మా నాయన గొంతుతో.

"రేయ్! మోటారుతో ఆడుకుంటాండావా?"

పది మందీ లేచి కూర్చున్నారు. వచ్చిన ఫోను ఎత్తిందీ నా పొట్టే, స్పీకరు నొక్కిందీ నా పొట్టే.

"నీళ్ళు నిల్చినాయి కదా అని పైపు ఊడదీస్తే మొగానికి కొడ్తాండాయి! బిగిస్తే నిలిచిపోతాండాయి! ఎన్నిసార్లు ఫోన్ చేసేది?"

రాజన్న నా పొట్ట మీదికి వంగాడు. "అన్నా, యాడుండావు?"

"చేన్లో ఉండా. నువ్వెవురు?"

"పక్క చాప."

"మావాడేం చేస్తాండాడు?"

"పండుకోనుండాడు."

"పండుకునేకి టౌనుకు పోయినాడా? ఇంట్లో మంచం లేదా?"

మేడం నా తల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "ముందు మీ నాయన్ని బయటికి తియ్యప్పా."

తీశాను. స్క్రీను మీద వరసగా ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్. స్క్రీను పొట్టవైపు ఉండటంతో, నేను బోర్లా నేలకు ఆనినప్పుడల్లా మీట పడింది. వెంటనే మోటారు వేయబోతే స్టార్టరు ఒప్పుకోలేదు. మాటిమాటికీ వేస్తే మోటారు కాలిపోకుండా గంటసేపు బిగుసుకునే ఏర్పాటు అందులో ఉంది. అది అడిగి మరీ పెట్టించిందీ నేనే. గంట తీరేలోపు కరెంటు పోయింది.

మరునాడు తాళంచెవి నాయన మొలతాడుకు చేరింది. చేత్తో వేసిన మీటతో చేనంతా తడిసింది, కాయ నిలిచింది. నేను మాత్రం ఆ పదకొండు చాపల సాక్షిగా, వెదురు బుట్ట మీద కుడిచేయి ఉంచి ప్రమాణం చేశాను. ఇక ఏ ఆసనంలోనూ నా పొట్టకు వ్యవసాయం అప్పగించను.

ఆ ఉదయం చేను తడిసింది ఒక వరుస. నాయన తడిసింది తొమ్మిదిసార్లు.