ముందు మన మొఖానికి

నవంబరు 16, ఆదివారం. దబీర్‌పురాలో అక్క ఇల్లు. ఉన్నవారు: మంచం మీద బావ, ఆయన కాళ్ళ దగ్గర అక్క, మేనల్లుడు, అతని భార్య, పక్కింటి భాయ్, నేను.

ముందు తేదీ, తర్వాత ఉన్నవాళ్ళు, ఆ తర్వాతే సంగతి. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నా డైరీ నడక ఇదే. కానీ ఆ ఆదివారం ఉన్నవారి వరుసలో బావను రాసేటప్పుడు నా కలం కాసేపు ఆగింది. పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయి, మాట పోయి, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చినప్పటి నుంచి ఆయన మా మధ్య ఉన్నట్టా లేనట్టా అన్నది ఎవరికీ తెలియడం లేదు.

ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఎడమ చేత్తో చెంప రాసుకుంటూనే ఉన్నాడట. పన్ను నొప్పేమోనని అక్క లవంగ నూనె అద్దిన దూది పెట్టింది. చెవిపోటేమోనని మేనల్లుడు చుక్కల మందు వేయించాడు. బావ దూదిని ఉమ్మేశాడు, నోటి దగ్గరికి తెచ్చిన అన్నం ముద్దను కూడా తోసేస్తున్నాడు. నేను మంచం పక్కన కుర్చీ వేసుకుని ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను. ఆయన అరచేత్తో రాసుకోవడం లేదు. వేళ్ళ వెనక భాగాన్ని దవడ కింది నుంచి చెవి దాకా, వెంట్రుకకు ఎదురుగా నడిపిస్తున్నాడు. ఆ చెయ్యి నాకు తెలుసు. నా పడుచుతనంలో ఆదివారాలన్నీ అది నా చెంప మీదనే నడిచింది.

కంచన్‌బాగ్‌లో ఒక లోహాల కర్మాగారపు పరీక్షశాలలో నాకు ఉద్యోగం దొరికినప్పుడు, పెళ్ళి కాని నన్ను అక్క తన ఇంట్లోనే పెట్టుకుంది. బావకు లాడ్ బజార్ వెనక సందులో సబ్బులు, పౌడర్లు, దువ్వెనలు అమ్మే చిన్న దుకాణం ఉండేది. ఆడవాళ్ళు గాజులు ఏరుకునేంతసేపూ వాళ్ళ వెంట వచ్చిన మగవాళ్ళు ఎక్కడ నిలబడాలో తెలియక మా బావ దుకాణం ముందు నిలబడేవారు, ఊరికే నిలబడలేక బ్లేడ్లు కొనేవారు. అందుకే ఆ చిన్న దుకాణంలో బ్లేడ్ల అర ఒక్కటే పెద్దది. నెమలి బొమ్మది, ఓడ బొమ్మది, పేరు చదవరాని పరదేశపుది, ఏ కొత్త రకం వచ్చినా అది ముందు దుకాణానికి పోదు, ఇంటికి వస్తుంది. మన మొఖానికి పెట్టనిది గిరాకి మొఖానికి ఎట్ల పెడ్తమని బావ మాట.

బావది మెత్తటి గడ్డం, నాది కొబ్బరి పీచు. ఈ రెండూ ఒప్పుకుంటే శహరంతా ఒప్పుకున్నట్టేనని ఆయన లెక్క. వాకిట్లో మేకుకు అద్దం తగిలించి, అక్క ఇత్తడి చెంబుతో వేడినీళ్ళు పెడితే, కుడి చెంపకు కొత్త బ్లేడు, ఎడమ చెంపకు పాతది. కొన్ని వెంట్రుకను కోసేవి కావు, పట్టి పీకేవి. కొన్ని తెగినట్టు కూడా తెలియనిచ్చేవి కావు, నురుగు ఎర్రబడితేనే తెలిసేది. ఒకటి మరీ పీకితే సగంలో ఆపేసి, ఒక చెంప నున్నగా ఒక చెంప గరుకుగా డ్యూటీకి పోయాను. వారం పొడుగునా లోహపు ముక్కలను పరీక్షించే నన్ను ఆదివారం బావ పరీక్షిస్తున్నాడని తోటివాళ్ళు నెల దాకా నవ్వారు. గీసుకోవడం అయ్యాక బావ కళ్ళు మూసుకుని, చెయ్యి తిరగేసి నా చెంప మీద ఎదురు నడిపేవాడు. అరచెయ్యి పనిచేసి మొద్దుబారుతుంది, వెనకచెయ్యి అబద్ధం చెప్పదనేవాడు. ఎక్కడా తట్టుకోకపోతే ఒకే మాట అనేవాడు, పెట్టొచ్చు అని.

నేను అక్కతో అన్నాను, ఆయనకు నొప్పి కాదు, గడ్డం గరుకుగా ఉందని చెప్తున్నాడని. ఆ మాట వినగానే బావ చెయ్యి ఆగిపోయింది. కళ్ళ కొసల్లోంచి నీళ్ళు చెవుల వైపు జారాయి.

బ్లేడు ఎన్నడూ పట్టని మేనల్లుడు పరుగున తన గడ్డం దిద్దుకునే మిషను తెచ్చి నడిపాడు. బావ వేళ్ళు తిరగేసి చూసుకున్నాడు, మిషనును పక్కకు నెట్టాడు. డాక్టరుకు ఫోను చేస్తే, రక్తం పలచబడే మందు మీద ఉన్నాడు కాబట్టి మిషనే మేలు, బ్లేడు తప్పదనుకుంటే వెంట్రుక వాటంగానే, కుదురైన చేత్తో, తెగకుండా చూసుకోవాలన్నాడు. సందు చివరి సెలూను అతన్ని పిలిస్తే, ఆ మందు మాట వినగానే నావల్ల కాదన్నాడు. బావను నవ్విద్దామని పక్కింటి భాయ్, తన తెల్ల గడ్డం నిమురుకుంటూ, "ఏంది సేఠ్, ఇన్నేండ్లకు నా గడ్డానికి పోటీ వచ్చినవ్" అన్నాడు. బావ నవ్వలేదు. భాయ్ తల దించుకున్నాడు.

అక్క మాత్రం నన్నే చూస్తూ అంది. "చావు అయిన ఇంట్ల గడ్డం పెరుగుతది గని, బతికున్న మనిషికి ఏందిరా తమ్మీ ఇది. వచ్చినోళ్ళు ఆయన మొఖం జూసి నా బొట్టు దిక్కు జూస్తున్నరు."

అలమారులోంచి బావ రేజరు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను బ్లేడు కాగితం విప్పుతుంటే మేనల్లుడు నెమ్మదిగా నా మణికట్టు పట్టుకున్నాడు. "మామా, పొద్దుగాల నీ గదువనే కోసుకున్నవ్. బాపు మొఖం మీద ఎట్ల పెడ్తవ్?" నిజమే. నా గడ్డం మీద అంటించిన కాగితం ముక్క ఇంకా ఊడలేదు. ఈ మధ్య నా వేళ్ళు నా మాట వినడం లేదు. కోడలు పాపం మంచి మనసుతోనే, నురుగు రాసి బ్లేడు లేని రేజరు నడిపితే సరిపోదా అంది. నేను తల అడ్డంగా ఊపాను. వెనకచేత్తో లోకాన్ని పరీక్షించిన మనిషిని ఉత్త రేజరుతో ఎలా మభ్యపెడతాం? బావ గోడ వైపు తిరిగాడు. పళ్ళెంలో అన్నం అలాగే ఉండిపోయింది.

తిరిగి వస్తుంటే బావ దుకాణం ఉన్న సందు మీదుగానే వచ్చాను. అక్కడిప్పుడు ఫోన్లకు తొడుగులు అమ్ముతున్నారు. గడ్డం గీసుకునేవాళ్ళు ప్లాస్టిక్‌ది వాడి పారేస్తున్నారు, కుర్రవాళ్ళు గీసుకోవడమే మానేశారు. అందులో తప్పేమీ లేదు. కానీ మన వయసువాళ్ళు ఆలోచించండి, అమ్మే వస్తువును ముందు తన చర్మం మీద పెట్టి చూసుకునే మనిషి ఇప్పుడు ఏ దుకాణంలో దొరుకుతాడు? మా తరం చేతుల్లో నైపుణ్యం ఉంది, కుదురు పోయింది. పిల్లల చేతుల్లో కుదురు ఉంది, మేమే ఏమీ పెట్టలేదు. ఆ రెండూ కలిసే చోటు ఒక్కటి కూడా మిగల్లేదేమోనని దిగులుగా ఇల్లు చేరాను.

మర్నాడు పొద్దున్నే అద్దం ముందు కొత్త బ్లేడు వేసి గీసుకున్నాను. ఎంత నెమ్మదిగా నడిపినా దవడ మలుపులో నురుగు ఎర్రబడింది. మన మొఖానికి పనికిరాని చెయ్యి ఇంకొకరి మొఖానికి పనికిరాదు. ఎడమ చెంప నురుగు అలాగే తుడిచేసి, దాన్ని గీయకుండా వదిలేసి, దబీర్‌పురా వెళ్ళాను.

మంచాన్ని వాకిట్లోకి తెప్పించి, బావకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మేనల్లుడి చేతికి రేజరు ఇచ్చి, ముందు నా మీద నేర్చుకో అన్నాను. అతను నా చెంపకు నురుగు రాశాడు. నీళ్ళ చెంబు పట్టుకున్న అక్క కదలలేదు. బ్లేడు నా చెంప మీద ఆనింది, ఆగింది, మెల్లగా కిందికి జారింది. పూర్తయ్యాక నేను ముందుకు వంగి చెంప చాపాను. బావ కళ్ళు మూసుకుని, ఎడమ చెయ్యి తిరగేసి, దవడ కింది నుంచి చెవి దాకా నడిపాడు. మధ్యలో ఒకచోట తట్టుకుంది. వెనక్కి వచ్చి, అక్కడే మళ్ళీ నడిపాడు. తర్వాత కొడుకు వైపు చూసి, ఆ చోటును వేలితో రెండుసార్లు తట్టాడు.

మేనల్లుడు మళ్ళీ నురుగు కలపడం మొదలుపెట్టాడు.