నిలబెట్టిన సీసా

మా తాతగారు ఒకసారి ఫ్రాన్సు వెళ్లి, బోర్డోలో పేరుమోసిన ఒక ద్రాక్షతోట చూసి వచ్చారు. గులకరాళ్ల నేల, ప్రతి సాలు చివరా ఒక గులాబీ మొక్క, నేలమాళిగ చీకట్లో పడుకోబెట్టిన వేల సీసాలు. ఆ తోట రెడ్ వైన్ సీసా ఒకటి తెచ్చుకుని, చెక్కపెట్టెలో ఊక మధ్య పడుకోబెట్టారు. తర్వాత మా పొలాలు పోయాయి, మేడ పోయింది. సీసా మాత్రం నాతో అమెరికాలోని ఆష్‌బర్న్ వచ్చింది. హాల్లో అద్దాల షోకేసులో, చిన్న బల్బు కింద, లేబుల్ మీది కోట బొమ్మ వచ్చినవాళ్లకు కనబడేలా నిలబెట్టాను.

ఉద్యోగం పోయాక ఈ దేశంలో ఉండడానికి నాకు దొరికింది అరవై రోజులు. ఆలోగా మరో ఉద్యోగం దొరక్కపోతే వెళ్లిపోవాలి. తొమ్మిది మిగిలాయి. వేరే కంపెనీలో డైరెక్టర్‌గా ఉన్న ఒక తెలుగాయనకు వైన్ అంటే ప్రాణం.

"భోజనానికి పిలవండి. నోరు తెరిచి అడగండి," అంది నా భార్య.

పిలుస్తాను, అడగను అన్నాను. మా ఇంట్లో ఎవరూ ఒకరి ముందు చేయి చాపలేదు. ఆ సీసా తెరిస్తే ఆయనే నా సంగతి కనుక్కుంటారని నా ఆశ.

శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన సీసాను రెండు చేతులతో అందుకున్నారు. "ఇన్నాళ్లూ ఎక్కడ స్టోర్ చేశారండీ?"

షోకేసు చూపించాను. ఆయన బల్బు వంక చూసి, కార్కు తీసే స్క్రూ అందుకున్నారు. స్క్రూ దించగానే కార్కు పొడిపొడిగా రాలింది. గ్లాసులోకి ఇటుకరంగు నీళ్లు దిగాయి. వాసన చూసి పక్కన పెట్టారు.

"వెనిగర్ అయిపోయిందండీ. కార్క్ తడిగా ఉండాలని పడుకోబెడతారు, ఎండితే లోపలికి గాలి దూరుతుంది. ఎవరూ చెప్పలేదా మీకు?"

తాతగారు చెప్పారు. పడుకోబెడితే లేబుల్ కనబడదని నిలబెట్టింది నేనే.

"పోన్లెండి, గోంగూర పప్పు సూపర్‌గా ఉంది," అంటూ ఆయన నా వైపు తిరిగారు. "మీ దగ్గర లేఆఫ్స్ అని విన్నాను. మీరు ఓకేనా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"మనకేం ఇబ్బంది లేదండీ," అన్నాను.

ఆయన చెప్పులు తొడుక్కుని వెళ్లారు. నా భార్య కిటికీ దగ్గర నిలబడింది. "ఆయనే అడిగారు కదండీ," అంది మెల్లగా. "కారు ఇంకా రివర్స్ చేస్తున్నారు. వెళ్లండి."

ఆయన పక్కన పెట్టిన గ్లాసు నా చేతిలో ఉంది. పులిసిన వాసన గదంతా పట్టింది. కారు రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా నేను షోకేసు దగ్గర నుంచి కదల్లేదు.