నత్త గుల్లల కంపు

టైలరమ్మ ముక్కు ఆమె కత్తెరంత పదును. నలభై ఏళ్లుగా ఆసుపత్రి నర్సులకు తెల్ల కోట్లు కుడుతోంది. వాటి మీద ఈగ వాలినా ఊరుకోదు. అలాంటి మనిషికి లిఫ్టు నడిపే ఆయన మొగుడయ్యాడు. ఆయన ముప్పై ఏళ్లు పెట్టెలో నిలబడి పైకీ కిందికీ తిరిగి, ఉద్యోగం అయిపోయిన నెలకే ఇంట్లోకి ఇంకో పెట్టె తెచ్చాడు. ఈసారి గాజుది.

"మంచినీటి చేపలేనే. సిక్లిడ్లని చిన్న రకం. నత్త గుల్లల్లో కాపురం ఉంటాయట," అన్నాడు, ఆమె కత్తిరింపు బల్లను పక్కకు నెట్టి తొట్టిని కిటికీ దగ్గర పెడుతూ.

"వాటి కాపురానికి నా కిటికీయే దొరికిందా?"

"వేలెడంత ఉండవే. నీకేం అడ్డం?"

అడుగున ఇసుక పోశాడు, ఫిల్టరు బిగించాడు. అంతవరకు ఆమె ఓర్చుకుంది. గుల్లలు కొనడానికి చెయ్యి రాక, కాలవ గట్టున బతికున్న నత్తలు ఏరుకొచ్చి, కోట్లకు గంజి కాచే గిన్నెలో ఉడకబెట్టాడు. గిన్నె నిండా జిగట నురగ. ఆయన గుల్లలు ఏరి తొట్టిలో వేసుకున్నాడు. ఆమె ఆ గిన్నెను పట్టకారుతో పట్టుకెళ్లి చెత్తలో పడేసి, ఆ పూట మెతుకు ముట్టలేదు.

చేపలకొట్టు ఆయన నెల రోజులు నీళ్లు కుదురుకోనివ్వమన్నాడు. ఈయన నాలుగో రోజే ఆరు చేపలు తెచ్చి వదిలాడు. మర్నాటికి నీళ్లు కుడితిలా అయ్యాయి. గది గుప్పుమంది.

ఆ మర్నాడే ఇరవై కోట్లు ఇవ్వాలి. ఆసుపత్రిలో బట్టలు చూసుకునే ఆవిడ ప్రతి కోటూ ముక్కుకు ఆనించుకుంటే గాని తీసుకోదు. టైలరమ్మ ఒకటి తీసి వాసన చూసింది. చచ్చిన నత్త.

"కొత్త నీళ్ల వాసనలే," అన్నాడు ఆయన.

"ఇవి వెనక్కొస్తే నా పని పోయినట్టే. ఇక మీ చేపలకు లంగాలు కుట్టుకుంటూ కూర్చుంటాను."

చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. అప్పుడు గాని ఆయనకు గుండె జారలేదు. "చచ్చేలా ఉన్నాయే, ఏం చెయ్యను?"

ఆమె పమిట ముక్కుకు చుట్టుకుని, మోచేతి దాకా చెయ్యి ముంచి ఒక గుల్ల తీసింది. లోపలి మెలికలో నల్లగా ఏదో ఉంది. ఉడకబెట్టిన రోజు ఆయన పిన్నుతో పైకి కనిపించిన ముక్క లాగి, మిగతాది అలాగే వదిలేశాడు. ఆమె కుట్టిన నాడాల లోపలి వైపు బయటకు తిరగేసే సన్నని కొక్కెం గుచ్చి, మెలికతో పాటు తిప్పి లాగింది. కుళ్లిన కండ తీగలా సాగి, పేపరు మీద పచక్కున పడింది.

"ఈ కుళ్లులోనా వాటిని కాపురం చెయ్యమన్నారు?"

ముప్పై గుల్లలూ అలాగే శుభ్రం చేసింది. ఈలోగా ఆయన చేపల్ని ఒక బకెట్లోకి తీసి, తొట్టి తోడేసి, దాన్ని తన మంచం తలాపుకు మోసుకెళ్లి, ముందురోజు పట్టి ఉంచిన బకెట్ల నీళ్లు పోశాడు. కొక్కేన్ని బయట పారేసి, ఆమె ఇరవై కోట్లూ మళ్లీ ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసేసరికి పొద్దుగుంకింది.

మర్నాడు ఆసుపత్రి ఆవిడ ఇరవై కోట్లనూ వాసన చూసి, ఒక్కటీ వెనక్కివ్వకుండా మూట కట్టుకుంది.

ఆరు చేపల్లో ఐదు బతికాయి. "ఒకసారి రావే," అని పిలిచాడు మొగుడు. "ఒకటి గుల్లలో చేరింది. నోటితో ఇసుక తీసి బయట ఉమ్ముతోంది చూడు."

ఆమె గుమ్మంలోనే నిలబడి చూసింది.

"వేలెడంత లేదు గాని, దాని ఇల్లు అది ఊడ్చుకుంటోంది. మీరు లేచి స్నానం చెయ్యండి, రెండ్రోజులైంది," అని, ఎంత రుద్దినా కంపు వదలని చేతిని ఎడంగా పట్టుకుని, సబ్బు కోసం వెళ్లింది.