టికెట్టు లేని కార్టన్ కాక

పదో తరగతి చదివే రోజుల్లో తనంత తెలివైనవాడు లోకంలో లేడని ప్రతివాడికీ అనిపిస్తుంది. ఆ ధైర్యంతోనే నేనూ, మా దోస్తు స్కెచ్చీ కలిసి సుల్తానాబాద్‌లో ఒక బొమ్మల పుస్తకం అచ్చేశాం. అచ్చు అంటే పెద్ద మాటే. వాడు తెల్లకాగితాల మీద బొమ్మలు గీసేవాడు, నేను మాటలు రాసేవాణ్ని, బస్టాండు ఎదురుగా ఉండే జిరాక్స్ మామ కాపీలు తీసేవాడు, మేమిద్దరం మధ్యకు మడిచి పిన్నులు కొట్టేవాళ్లం. (స్కెచ్చికి అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది. చేతులకు ఎప్పుడూ స్కెచ్‌పెన్ను మరకలుండేవి కాబట్టి లెక్కల సారు పెట్టిన పేరే నిలిచిపోయింది.) కొనేవాళ్లు తక్కువ, లాక్కుపోయేవాళ్లు ఎక్కువ. అయినా మమ్మల్ని మేం ప్రచురణకర్తలమనే అనుకునేవాళ్లం.

మా కథానాయకుడు కార్టన్ కాక, అంటే కార్టన్ బాబాయి. దుబాయిలో పనిచేస్తాడు, పరమ పిసినారి. విమానం టికెట్టుకు పైసలు పెట్టడం ఇష్టం లేక, సెలవు దొరికినప్పుడల్లా కార్టన్ అనే పెద్ద అట్టపెట్టెలో కూర్చుని, పైన తాడు కట్టించుకుని, సామానులో సామానుగా వచ్చేస్తాడు. ఇంటి ముందు దించగానే లోపలి నుంచి తడతాడు. "ఎవల్రా బయట? గాలాడుతలేదు, జల్ది ఇప్పుండ్రి!" అంటాడు. ప్రతి సంచికా ఆ మాటతోనే ముగిసేది. ఒకసారి కార్టన్ తప్పిపోయి ఆదిలాబాద్ జిన్నింగు మిల్లులో దిగింది, కాకను పత్తితో పాటు బేలు కట్టేశారు. ఇంకోసారి నిర్మల్‌లో దిగితే కొయ్యబొమ్మ అనుకుని రంగులేసి దుకాణం అద్దాల వెనక నిలబెట్టారు. అవి గీసిన రోజున మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. (రాసినవాళ్లే అంత నవ్వేస్తే చదివేవాళ్లకు ఏం మిగులుతుందన్న జ్ఞానం చాలా ఆలస్యంగా కలిగింది.)

కార్టన్ కాక ఎవరో ఊళ్లో అందరికీ తెలుసు. ఆ బట్టతల, ఆ గుబురు మీసాలు స్కెచ్చి వాళ్ల బాపువే, అంటే వాళ్ల నాన్నవే. దుబాయిలో బిల్డింగు పనికి పోయి, కూలీల క్యాంపులో ఉండబట్టి ఏళ్లయింది. టికెట్టు ధర చెప్పి నిట్టూర్చకుండా ఆయన ఫోను పెట్టేసిన రోజు లేదు. ఒకనాడు భయపడుతూనే పేజీలన్నీ ఫొటోలు తీసి ఆయనకు వాట్సాప్‌లో పంపాం. తిట్లు వస్తాయనుకుంటే, నవ్వు ఆపుకోలేక దగ్గుతూ మాట్లాడిన వాయిస్ మెసేజ్ వచ్చింది. "అరే, ఐడియా మంచిగున్నదిరా! గీ దసరాకు నేను గట్లనే వస్త, టికెట్ పైసలు మిగుల్తయ్. మా క్యాంపుల అందరు సదువుతుండ్రు. జల్ది ఇంకోటి పంపుండ్రి." మాకు ఏనుగెక్కినంత సంబరం. గల్ఫ్‌లో కూడా పాఠకులున్నారని బడంతా చెప్పుకుని తిరిగాం. స్కెచ్చి వాళ్లమ్మ మాత్రం బీడీలు చుడుతూ, తల ఎత్తకుండానే, "ఆయినకు అకల్ లేదు, తెలివి లేదు, మీకు గూడ లేదు. నాకైతే మనిషి రావాలె, డబ్బ కాదు" అంది.

ఆయన దసరాకు ముందే వచ్చాడు. డబ్బాలోనే వచ్చాడు.

నిద్రలోనే గుండె ఆగిపోయిందని క్యాంపు నుంచి ఫోను వచ్చింది. అక్కడి కాగితాలు తెమిలి, శంషాబాద్ నుంచి అంబులెన్సు మా వాడకట్టుకు వచ్చేసరికి ఏడ్చి ఏడ్చి ఆ ఇంట్లో అందరి గొంతులూ పోయాయి. వాకిట్లో చెక్కపెట్టె దించారు. పైన ఇంగ్లిషులో పేరూ, ఏవో అంకెలూ ఉన్నాయి. ఎవరో సుత్తి కోసం పోయారు. అది వచ్చేలోపు స్కెచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుని పెట్టె వైపే చూస్తున్నాడు. దేనికోసం చూస్తున్నాడో ఆ ఊళ్లో నాకొక్కడికే తెలుసు. నేనూ దానికోసమే చెవులు రిక్కించాను. లోపలి నుంచి తడతాడని ఆ కాసేపు నిజంగానే నమ్మాను. సుత్తి వచ్చింది. మేకులు ఊడదీశారు.

దినాలు అయిపోయిన మర్నాడు వాడు నన్ను పెరట్లోకి పిలిచాడు. నీళ్లు కాగే పొయ్యి ముందు మా సంచికలన్నీ కుప్పపోసి ఉన్నాయి. "నువ్వు రాసినవ్, నేను గీసిన, బాపు గట్లనే వచ్చిండు" అన్నాడు. "గట్ల కాదురా" అన్నాను. "మరెట్లరా?" అన్నాడు. ఒక్కొక్కటే పొయ్యిలో వేశాడు. ఆ తర్వాత వాడు పెన్సిలు పట్టుకుంటే ఒట్టు. సైన్సు రికార్డులో వాడి బొమ్మలు కూడా నేనే వేశాను. నేను వేసిన గుండె వంకాయలా ఉందని సారు ఇద్దరికీ మార్కులు కోశాడు. ఒకప్పుడైతే ఆ వంకాయ మీద ఒక సంచిక తీసేవాళ్లం. వాడు నవ్వను కూడా నవ్వలేదు. కాక పోయిన దుఃఖం ఒకటి, వాడి చెయ్యి కూడా పోయిందన్న దుఃఖం ఇంకొకటి. రెండోదాన్ని ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

ఇంటర్ అయ్యాక ఇల్లు గడవక వాడూ దుబాయి పోయాడు. నేను కరీంనగర్ నుంచి శంషాబాద్‌కు కారు నడుపుతున్నాను. గల్ఫ్‌కు పోయేవాళ్లను దించడం, వచ్చేవాళ్లను ఎక్కించుకోవడం నా పని. వాణ్ని దించింది కూడా నేనే. (మాటలు రాసేవాణ్ని కదా, ఆ రోజు దారి పొడవునా ఒక్క మాట దొరికితే చూడండి.)

మొన్న ఎండాకాలం వాడు మొదటిసారి సెలవు మీద వచ్చాడు. విమానాశ్రయం బయట నిలబడి ట్రాలీలు చూస్తున్నాను. గల్ఫ్ నుంచి వచ్చే ప్రతి కార్టన్ మీదా పెద్ద మార్కర్‌తో పేరూ, ఊరూ, ఫోను నంబరూ రాసి ఉంటాయి. అంతలో పేరు లేని కార్టన్ ఒకటి వచ్చింది. దాని మీద నల్ల మార్కర్‌తో బట్టతల, గుబురు మీసాలు, నవ్వుతున్న కళ్లు. ఆ గీత ఎవరిదో నన్ను వేరే అడగాలా? కళ్లు మసకబారి ట్రాలీ తోసే మనిషి కనబడలేదు. దగ్గరికి పోయి కార్టన్ మీద తట్టాను.

"ఎవల్రా బయట? గాలాడుతలేదు, జల్ది ఇప్పుండ్రి!" ట్రాలీ వెనక నుంచి వచ్చిన గొంతు అచ్చం కాకదే.

తల ఎత్తి చూస్తే స్కెచ్చి. క్యాంపు నీళ్లకు జుట్టంతా ఊడి, మీసాలు పెంచి, బొమ్మలాగే ఉన్నాడు.

"టికెట్ కొన్నవారా?" అన్నాను.

"కొన్న. బాపుంటే తిట్టేటోడు" అన్నాడు.

ఇద్దరం అక్కడే పిచ్చివాళ్లలా నవ్వాం. నవ్వుతూనే ఏడ్చాం. ఎప్పుడూ కార్టన్లను కారు పైన తాళ్లతో కట్టే నేను, దాన్ని మాత్రం జాగ్రత్తగా వెనక సీట్లో పెట్టాను. ఏసీ వేసి ఉన్నా అద్దాలు కొంచెం దించాను, కాకకు గాలాడాలి కదా అని. స్కెచ్చి అది చూసి, తన వైపు అద్దం ఇంకొంచెం దించాడు.