పత్తి ఎగిరిన ఆట

ఇంజనీరింగ్ చివరి ఏడాది నేనొక వీడియో గేమ్ తయారుచేశాను. అందులో చిలకలూరిపేట రోడ్డు మీద పత్తి లారీ బోల్తా పడుతుంది. అక్కడ పత్తిలోంచి గింజలు తీసే జిన్నింగు మిల్లులో పనిచేసే అమ్మకే ముందు చూపించాను. లారీ పడింది కానీ, పత్తి ఎగరబోతుండగా తెర బిగుసుకుపోయింది.

"పత్తి ఎక్కడైనా గాల్లో అట్టా ఆగుద్దా?" అంది అమ్మ.

లారీ, పత్తి ఎలా కదలాలో చెప్పే లెక్కలన్నీ ప్రాసెసర్ మీదే వేయడం నా తప్పు. లారీని దానికే వదిలేసి, వేల పింజల్ని గ్రాఫిక్స్ కార్డుకు అప్పగించాను. ఒకే రకం లెక్కలు వేలకొద్దీ ఒకేసారి చేయడం ఆ కార్డుకు తేలిక. వారం కష్టపడ్డాక పింజలన్నీ గాలికి లేచి, తేలుతూ రోడ్డంతా పరుచుకున్నాయి.

మళ్ళీ చూపిస్తే, అమ్మ తన కుర్చీని తెర దగ్గరికి లాక్కుంది. "మా మిల్లులో ఇట్టాగే లేచిద్ది. మళ్ళీ పడెయ్ ఆ లారీని," అంది.

ఆ మధ్యాహ్నం పదకొండుసార్లు పడేశాను.